లైటు ఆరినాక పోశం పెట్టే చెక్క

షాకు కొట్టని పని

మోటారు బండ్ల ఎలక్ట్రీషియన్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "తాతా, షాకు కొడితే ఎట్ల?" కొట్టదురా నాయనా అంటాను. కారు బ్యాటరీ కొసలు రెండూ రెండు చేతులతో పట్టుకున్నా చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైరు ముట్టుకుంటే మాత్రం మోచేయి జువ్వుమంటుంది, ఒక పూట ఆ చేత్తో అన్నం తినబుద్ధి కాదు, అంతే. ఆ మాట వినగానే వాళ్ల ముఖాల్లోకి ధైర్యం వస్తుంది. నాకు భయం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

ఇళ్లకు కరెంటు పెట్టేవాడు తప్పు చేస్తే ముందు వాడికే తగులుతుంది. అందుకని వాడు జాగ్రత్తగా ఉంటాడు. మన పని అట్లాంటిది కాదు. మన తప్పు మనల్ని ఏమీ అనదు. మనం చేతులు కడుక్కుని, ఇంటికి పోయి అన్నం తింటున్న వేళకు ఇంకెవరికో తగులుతుంది. నేను కరీంనగర్‌లో ఈ పని నిజాం రాజ్యం చివరి రోజుల్లో మొదలుపెట్టాను. ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. కారు కింద మొదలుపెట్టి కారు కిందనే ముగించాను. కానీ ఈ ఒక్క సంగతి తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, అది తెలిసిన సాయంత్రం గురించి రాయాలని కూర్చున్నాను.

మా ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్లే. తెగిన పోగును అవ్వ వేలి కొసలతో అతకడం చూస్తూ పెరిగాను కాబట్టి వైరు అతకడం నాకు తొందరగానే పట్టుబడింది. బాపు మాత్రం కడదాకా ఒప్పుకోలేదు. "గా పెట్రోలు కంపుల ఏమున్నది బిడ్డా, ఇంట్ల నీడకు కూసోక" అనేవాడు. ఇంట్లో నీడ ఉంది గానీ గంజి లేదు. ఆ మాట ఆయనకూ తెలుసు.

ఖాదర్ ఉస్తాద్

నేను పని నేర్చింది, తర్వాత చాలా ఏళ్లు పని చేసింది ఖాదర్ ఉస్తాద్ దగ్గర. ఆయన తిట్టే మనిషి కాదు, చెయ్యి ఎత్తే మనిషి అసలే కాదు. మనం వేసిన ముడి దగ్గరికి వచ్చి, రెండు వేళ్లతో పట్టి లాగేవాడు. ఊడి వస్తే ఆ వైరు ముక్కను మన అంగీ జేబులో పెట్టి వెళ్లిపోయేవాడు. ఒక్క మాట ఉండేది కాదు. సాయంత్రం ఇంటికి పోయి అంగీ విప్పితే జేబులోంచి ముక్కలు రాలేవి, మా ఆవిడ వాటిని ఏరి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేది. తిట్టే యజమానికి మనిషి అలవాటు పడతాడు. మాట్లాడని యజమానికి అలవాటు పడడం నావల్ల కాలేదు. ముప్పై దాటి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక కూడా ఆయన నీడ నా పని మీద పడితే చేతికి చెమట పట్టేది.

ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. చేతిపనిలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు. లోపం ఒకటే, ఒకసారి బాగా నడిచిన పద్ధతిని మళ్లీ విప్పి చూసేవాడు కాదు. పైగా ఒక భయం ఉండేది. ఎప్పుడో ఒక వకీలు సాబు పాత కారుకు గేర్ బాక్సు మూత విప్పబోతే బోల్టు లోపలే విరిగింది. దానికి సామాను ఎక్కడా దొరకలేదు. ఆ కారు వానాకాలం అంతా మా దుకాణం ముందు తడుస్తూ నిలబడింది, వకీలు సాబు రోజూ రిక్షాలో కచేరీకి పోతూ మా వైపు చూసేవాడు. అప్పటినుంచి ఉస్తాద్ ఒక కట్టుబాటు పెట్టాడు.

"పాత బండి గేర్ బాక్సంటె పాము పుట్ట. అండ్ల చెయ్యి పెట్టద్దు."

మేము పెట్టలేదు.

పాత కార్లకు వెనక దీపం

యుద్ధానికి ముందు కొన్న కార్లకు వెనక్కి నడిపేటప్పుడు వెలిగే దీపం ఉండేది కాదు. అవి కొన్న దొరలకు అవసరం పడలేదు. వెనక్కి తీయాల్సి వస్తే లాంతరు పట్టుకుని నడవడానికి మనుషులు ఉండేవారు. ఆ రోజులు పోయాక, ఆ కార్లు డాక్టర్ల చేతుల్లోకీ వకీళ్ల చేతుల్లోకీ వచ్చాక, దీపం పెట్టమని అడగడం మొదలైంది.

దీపం పెట్టడం పెద్ద పని కాదు. దాన్ని వెలిగించే స్విచ్చు ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. స్టీరింగు దగ్గర చేతి స్విచ్చు పెడితే డ్రైవర్ వెయ్యడం మరిచిపోతాడు, వేస్తే ఆర్పడం మరిచిపోతాడు, తెల్లారేసరికి బ్యాటరీ చల్లబడుతుంది. అందుకని మేము స్విచ్చును గేరు రాడ్డు మొదట్లో పెట్టేవాళ్లం. బ్రేకు లైటుకు వాడే చిన్న స్విచ్చునే ఇనుప పట్టీకి బిగించి, రాడ్డును రివర్సులోకి వేసినప్పుడు అది వచ్చి స్విచ్చును నొక్కేటట్టు పెట్టాలి. గేరు తీస్తే రాడ్డు దూరం జరుగుతుంది, దీపం ఆరుతుంది. చెప్పుకుంటే ఇంతే.

ఆ ఇనుప పట్టీని ఉస్తాద్ డ్రైవర్ కాళ్ల కింది పలకకు బిగించేవాడు. రెండు మరలు తిప్పితే పని అయిపోయేది. గేర్ బాక్సును ముట్టుకునే అవసరమే లేదు. కరీంనగర్‌లో కొన్ని బండ్లకు అట్లాగే పెట్టాము, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ బండ్ల వెనక ఎవరూ కూర్చోలేదు కాబట్టి ఫిర్యాదు రాలేదన్న సంగతి మాకు తట్టలేదు.

మందమర్రి డాక్టరమ్మ

పందొమ్మిది వందల అరవై దాటిన తర్వాత ఒక ఎండాకాలం మందమర్రి నుంచి కబురు వచ్చింది. అక్కడ ఒక డాక్టరమ్మ కాన్పుల దవాఖానా నడుపుతుండేది. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైతే తండ్రి నాటి నల్ల కారును పంపి ఆడవాళ్లను తెప్పించేది. ఆ కారుకు వెనక దీపం కావాలన్నది కబురు. పెద్దపల్లి దాకా బస్సు, అక్కడినుంచి మంచిర్యాలకు రైలు, మళ్లీ బస్సు, అట్లా ఉస్తాదూ నేనూ పోయాము.

డాక్టరమ్మ వాకిట్లో నిలబడి, తనకు ఏం కావాలో తడుముకోకుండా చెప్పింది.

"డ్రైవరుకు కనవడాలని కాదు ఖాదర్ సాబ్. పోశంకు కనవడాలె."

పోశం ఆ దవాఖానా గేటు మనిషి. బొగ్గుబాయిలో మందు పేలిన దెబ్బకు రెండు చెవులూ పోయాయి. మాట పోలేదు. తన మాట తనకు వినబడదు కాబట్టి అవతలి వీధికి వినబడేటట్టు మాట్లాడేవాడు. అతని భార్య లచ్చవ్వ అదే దవాఖానాలో ఆయా.

ఆ వాకిలి గురించి చెప్పాలి. రోడ్డు నుంచి వరండా వైపు వాలుగా ఉంటుంది. వరండాకు కొంచెం ముందు మురికినీళ్ల మోరీ, దాని మీద ఎత్తుగా ఒక బండ. నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కువ దూరం నడిపించకూడదని కారును వెనక్కి తీసుకుని వరండా దాకా తెస్తారు. ఎక్సిలేటరు తొక్కి, రేసు ఇచ్చి ఆ బండ ఎక్కించాలి. బండ దాటితే బండి తనంతట తానే వరండా వైపు జారుతుంది. హ్యాండు బ్రేకు పేరుకే. అందుకని బండి ఆగీ ఆగగానే పోశం వెనక చక్రం కింద చెక్క పెట్టాలి. అంటే వరండా గోడకూ కారుకూ మధ్య, గొంతుక్కూర్చుని, చెక్క పట్టుకుని, అతను ఎదురు చూస్తుండాలి.

డ్రైవర్ మల్లేశం అంతకుముందు లారీ నడిపినవాడు. లారీవాళ్ల పద్ధతే ఇక్కడా పెట్టుకున్నారు. వెనక ఉన్నవాడు బండి మీద అరచేత్తో ఒక దెబ్బ కొడితే రానిమ్మని, రెండు కొడితే ఆపమని. పోశం మాట మల్లేశానికి అట్లా చేరేది. మల్లేశం మాట పోశానికి చేరేది కాదు. పగలైతే కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. పొద్దుగూకితే చెయ్యి కనబడదు, అరిచినా వినబడదు. మేము పోయేటప్పటికే పోశం ఎడమ చెయ్యి రెండు వేళ్లకు గోళ్లు లేవు. డాక్టరమ్మ ఆ వేళ్లు మాకు చూపించింది.

మధ్యాహ్నానికి పని అయింది. పట్టీని ఎప్పటిలాగే పలకకు బిగించాము. ఇంజను బందు ఉండగానే నేను సీటులో కూర్చుని గేరు రివర్సులోకి వేశాను. వెనక దీపం వెలిగింది. తీశాను, ఆరింది. ఉస్తాద్ ప్రతి ముడినీ లాగి చూశాడు, ఒక్కటీ ఊడలేదు. నా జేబు ఖాళీగానే ఉంది, మనసులో కొంచెం గర్వపడ్డాను కూడా.

పోశం చాలాసేపు దీపం ముందు కూర్చుని చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి వీధంతా వినబడేటట్టు అడిగాడు.

"లైటు వెలిగితె బండి వస్తున్నట్టు. ఆరితె ఆగినట్టు. గంతేనా?"

నేను తల ఊపాను. అతనికి అర్థం కావాలని రెండుసార్లు ఊపాను.

మేము సంచి సర్దుకుంటుంటే లచ్చవ్వ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "అన్నా, గాయనకు చెవులు లేవు. ఇగ గా లైటే చెవులు. జర మంచిగ చూసిండ్రు గదా?" అంది. చూశామన్నాను. అప్పుడే ఒక మనిషి ఆయాసపడుతూ వచ్చాడు, తన ఊళ్లో ఎవరికో నొప్పులు మొదలై పొద్దుటినుంచి తెమలడం లేదట. మల్లేశం కారు ఎక్కాడు. ముక్కు రోడ్డు వైపే ఉంది కాబట్టి నేరుగా బయటికి పోయాడు. వెనక్కి తీసే పని పడలేదు.

బస్సులో

బస్సు కోసం చాలాసేపు ఎదురు చూశాము. వచ్చిన బస్సు నిండుగా ఉంది. నాకు డ్రైవర్ పక్కన, ఇంజను డబ్బా దగ్గర చోటు దొరికింది. ఉస్తాద్ నా వెనక సీటులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మంచిర్యాలలో రైలు అందుతుందా లేదా అన్నదే అప్పుడు మా ఇద్దరి ఫికరు.

బస్సులో నా కళ్ల ముందు గేరు రాడ్డు. డ్రైవర్ ఎత్తు మీద రేసు ఇచ్చినప్పుడల్లా ఇంజను ఒక పక్కకు ఒరుగుతోంది, దానితో పాటు రాడ్డు కూడా ఒరుగుతోంది. డ్రైవర్ చెయ్యి దాని మీద లేదు. గేరు మారలేదు. రాడ్డు మాత్రం జరుగుతోంది, దాని చుట్టూ ఉన్న నేల పలక కదలడం లేదు. నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు.

ఇంజను డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూశాను.

ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రేసు ఇస్తే ఊగుతుంది. గేర్ బాక్సు ఇంజనుకు అతికే ఉంటుంది, రాడ్డు గేర్ బాక్సులోంచి వస్తుంది, కాబట్టి అవన్నీ కలిసి ఊగుతాయి. మా స్విచ్చు మాత్రం పలక మీద ఉంది. డాక్టరమ్మ కారు రబ్బర్లు దాని వయసువే. మల్లేశం బండ ఎక్కించడానికి రేసు ఇస్తాడు, రాడ్డు స్విచ్చును వదిలి పక్కకు జరుగుతుంది, దీపం ఆరుతుంది. గేరు రివర్సులోనే ఉంటుంది. బండి వెనక్కి వస్తూనే ఉంటుంది. దీపం ఆరింది కాబట్టి బండి ఆగింది అనుకుంటాడు పోశం. చెక్క పట్టుకుని చక్రం కిందికి చెయ్యి పెడతాడు. దీపం లేని రోజుల్లో అతను భయపడుతూ పెట్టేవాడు. ఇప్పుడు భయం లేకుండా పెడతాడు, నేను తల ఊపాను కాబట్టి.

వెనక్కి తిరిగి ఉస్తాద్‌కు చెప్పాను.

"ఉస్తాద్, మనం ఇంజను చాలు చేసి చూడలే, బందు ఉండంగనె చూసినం."

"అయితె?"

"రేసు ఇస్తె రాడ్డు ఊగుతది. పలక ఊగది. బండ ఎక్కేటప్పుడు లైటు ఆరుతది ఉస్తాద్. పోశం చెయ్యి పెడ్తడు."

ఆయన బస్సు రాడ్డు వైపు చూశాడు.

"కరీంనగర్ల గిన్ని బండ్లకు పెట్టినం. ఏమైంది?"

"గా బండ్ల ఎనుక పోశం లేడు."

ఆయన ఒళ్లో సంచి మూతి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "రేపు పొద్దుగాల పోదాం. లేకుంటె కార్డు రాస్త. ఇప్పుడు దిగితె రైలు పోతది."

"బండి గీ పొద్దుకె వాపసు వస్తది ఉస్తాద్. నేను దిగుత."

"దిగితె మల్ల నా దుకాండ్ల కనవడకు."

ఆ మాట ఆయన కోపంతో అన్నాడని నేను అనుకోను. తన పద్ధతి తప్పని ఒక బస్సు నిండా జనం ముందు వినవలసి వచ్చింది, అంతే. కానీ ఆ క్షణంలో నాకు అదంతా తెలియదు. నాకు తెలిసింది ఒకటే, ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు, కరీంనగర్‌లో ఇంకో ఉస్తాద్ లేడు. కండక్టరును బతిమాలి బస్సు ఆపించుకుని దిగాను. దుమ్ములో బస్సు వెళ్లిపోయింది. ఉస్తాద్ కిటికీలోంచి తల తిప్పి చూడలేదు. అంత భయం నాకు జీవితంలో ముందెప్పుడూ లేదు, ఎటు చూసినా భయమే, రెండు వైపులా.

కొంత దూరం నడిచాను, కొంత దూరం పరుగెత్తాను. చివరికి ఖాళీగా పోతున్న ఒక బొగ్గు లారీ ఆగింది. తొందరగా పోనిమ్మని నేను మళ్లీ మళ్లీ అంటుంటే డ్రైవర్ నా ముఖం చూశాడు.

"ఏందన్నా, ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

"ఇంకా లే" అన్నాను.

అతను ఇంకేమీ అడగకుండా తొక్కాడు.

మోరీ బండ

దవాఖానా వీధి మలుపులో దిగేటప్పటికి పొద్దు గూకింది. ఇళ్లలో పొయ్యిల పొగ కిందికి దిగి ఉంది. ఆ పొగలోంచి నా దీపం కనబడింది. కారు అప్పుడే రోడ్డు మీదినుంచి వాకిట్లోకి వెనక్కి దిగుతోంది. దీపం తెల్లగా, నిండుగా వెలుగుతోంది. నిజం చెప్పాలంటే దాన్ని చూడగానే ఒక్క నిమిషం నాకు సంతోషం వేసింది. నా లెక్కే తప్పేమో, ఉత్తగనే పరేషాన్ అయినానేమో అనుకున్నాను. నడక తగ్గించాను కూడా.

అప్పుడు కారు బండకు తగిలి ఆగింది. మల్లేశం రేసు ఇచ్చాడు. ఇంజను గుర్రుమంది. దీపం ఆరిపోయింది.

బండి ఆగలేదు. బండ ఎక్కుతోంది.

కారు అవతల గోడ పక్కన పోశం తల కిందికి వంగింది. నేను అరిచాను. ఎవరి కోసం అరిచానో తెలియదు, వినవలసినవాడికి వినబడదు, వినబడేవాడు ఇంజను రొదలో ఉన్నాడు. ఎట్లా చేరుకున్నానో గుర్తు లేదు. కారు వెనక రెక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాను. ఏళ్ల తరబడి లారీ నడిపిన మల్లేశం కాలు అది. ఆలోచించకుండానే బ్రేకు మీదికి పోయింది. బండి బండ అంచు మీద ఊగి ఆగింది.

చక్రం చెక్క కొసను పట్టుకుని ఉంది. చెక్క మీద పోశం వేళ్లు ఉన్నాయి. చక్రానికీ వేళ్లకూ మధ్య నా బొటనవేలు పట్టేటంత చోటు ఉందో లేదో.

పోశం తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు. వీధంతా వినబడేటట్టు చెప్పాడు.

"ఆరింది. ఆరంగనే పెట్టిన, సూడు."

నేను చెప్పినట్టే చేశాడు. ఏమీ తప్పు చేయలేదు. నేను మోరీ పక్కనే కూర్చుండిపోయాను. కారులోని ఆడమనిషిని లోపలికి తీసుకుపోయారు. లచ్చవ్వ ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తూనే నా వైపు తిరిగింది. వరండా మీదినుంచి అంతా చూసినట్టుంది.

"గిదేనా అన్నా లైటు?" అంది.

తిట్టినా బాగుండేది.

పాము పుట్టలో చెయ్యి

డాక్టరమ్మ లోపల కాన్పు పనిలో ఉంది. మా సామాను సంచి ఉస్తాద్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి నేను వరండా లాంతరూ, మల్లేశం దగ్గరి పానాలూ అడిగి తెచ్చుకుని కాళ్ల కింది పలక విప్పాను. పట్టీని గేర్ బాక్సు మూతకే బిగించాలి. అప్పుడు రాడ్డూ స్విచ్చూ కలిసి ఊగుతాయి, ఒకదాన్ని ఒకటి వదలవు. దానికి మూత బోల్టు ఒకటి తీయాలి. ముప్పై ఏళ్ల బోల్టు. విరిగితే కారు కదలదు, కారు కదలకపోతే పల్లెల్లో నొప్పులు పడేవాళ్లు ఎడ్ల బండ్లలో రావాలి. పానా బోల్టు మీద పెట్టాను. తిప్పడానికి చెయ్యి రాలేదు.

"గ్యాసునూనె పోసినవా?"

తల ఎత్తితే కారు తలుపు దగ్గర ఉస్తాద్. కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. తర్వాతి ఊళ్లో బస్సు దిగి నడిచి వచ్చాడని తర్వాత మల్లేశం చెప్పాడు. ఆయన దుకాణం మాట ఎత్తలేదు. నన్ను పక్కకు జరగమని సైగ చేసి, సంచిలోంచి గ్యాసునూనె, అదే కిరసనాయిలు సీసా తీసి బోల్టు చుట్టూ పోశాడు. సుత్తి కొసతో మెల్లగా తట్టాడు. చాలాసేపు తడుతూనే ఉన్నాడు, పసిపిల్లను నిద్ర పుచ్చినట్టు. తర్వాత పానా నా చేతికి ఇచ్చాడు.

"తొందర పడకు. గది కదిలినాక నువ్వు కదులు."

బోల్టు కిర్రుమని తిరిగింది. మా ఇద్దరికీ ఊపిరి వచ్చింది.

పట్టీ బిగించాక ఈసారి ఇంజను చాలు చేశాము, రేసు ఇచ్చి చూశాము. దీపం వదలలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. ఉస్తాద్ మాత్రం పోశం దగ్గరికి పోయి చెక్క కోసం చెయ్యి చాచాడు. పోశం ఇవ్వలేదు. "గది నా పని సాబ్" అన్నాడు గట్టిగా. ఉస్తాద్ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, దీపం చూపించి, మళ్లీ చెయ్యి చాచాడు. పోశానికి ఏం అర్థమైందో, ఇచ్చాడు.

"రాజం, నువ్వు బండ్ల కూసో. మీది రోడ్డు దాక తీస్కపోయి ఎనుకకు తే. బండ ఎక్కియ్యి. ఎనుక నేనుంట."

"మల్లేశం నడుపుతడు ఉస్తాద్."

"లైటు పెట్టింది మల్లేశం కాదు."

కారు రోడ్డు దాకా తీసుకుపోయి రివర్సు వేశాను. అద్దంలో ఉస్తాద్ టోపీ కనబడుతుందేమోనని చూశాను. ఆయన కూర్చుని ఉన్నాడు కాబట్టి కనబడలేదు. సీటులోంచి దీపం కూడా కనబడదు, వరండా సున్నపు గోడ మీద దాని వెలుతురు మాత్రం తెల్లగా పడి ఉంది. ఆ గోడనే చూస్తూ క్లచ్ వదిలాను. బండ తగిలింది. రేసు ఇవ్వాలి. నాకు పని నేర్పిన చేతులు ఆ చక్రం వెనక ఉన్నాయి, నా కాలు ఎక్సిలేటరు మీద ఉంది. తొక్కాను. గోడ మీద వెలుతురు అట్లాగే నిలబడింది. బండ ఎక్కింది, దాటింది, బ్రేకు తొక్కాను, గేరు తీశాను. గోడ చీకటైంది. చెక్క చక్రానికి తగిలిన చప్పుడు వినబడింది.

ఆ తర్వాత, చెక్క పడిందని చెప్పే రెండు దెబ్బలు వినబడాలి. వినబడలేదు.

ఇంజను బందు చేసి దిగి పరుగెత్తాను. ఉస్తాద్ చక్రం వెనక గొంతుక్కూర్చునే ఉన్నాడు. రెండు చేతులూ చెక్క మీదే ఉన్నాయి, వేళ్లన్నీ బాగున్నాయి. ముఖమంతా చెమట. లేవబోతున్నాడు, మోకాళ్లు మాట వినడం లేదు. ఆయన భయపడడం నేను చూడడం అదే మొదలు, అదే చివర. నన్ను చూసి చెయ్యి పైకెత్తాడు.

"జర చెయ్యి ఇయ్యి, రాజం."

కరీంనగర్ పోయిన మరునాటినుంచి ఆయనా నేనూ అంతకుముందు పెట్టిన బండ్లన్నిటి దగ్గరికీ పోయాము. అడగకముందే స్విచ్చులు మార్చాము. ఎవరైనా ఎందుకని అడిగితే ఉస్తాద్ "తప్పు పెట్టిన" అని చెప్పేవాడు, అంతకంటే ఎక్కువ చెప్పేవాడు కాదు.

ఆయన కాలం చేసిన తర్వాత చక్రం వెనక ఆ చోట నేను కూర్చోవడం మొదలుపెట్టాను. వెనక దీపం పెట్టిన ప్రతి బండికీ, స్విచ్చు బిగించిన పిల్లవాణ్ణే సీటులో కూర్చోబెట్టి, నేను చక్రం వెనక చెక్క పట్టుకుని గొంతుక్కూర్చుంటాను. తాత మొక్కు తీర్చుకుంటున్నాడని నవ్వుతారు. నవ్వనీ. క్లచ్ మీద కాలు పెట్టాక ఒక్కడు కూడా నవ్వడు. ఈమధ్య నా మోకాళ్లు కూడా మాట వినడం లేదు. పని అయ్యాక వాడే దిగి, చెమట తుడుచుకుంటూ వెనక్కి వచ్చి, నాకు చెయ్యి ఇచ్చి లేపాలి.